కైఫీయతులును వాని సూచికలును

ఒక గ్రామముయొక్క చరిత్ర నశించుటకు నిప్పో, చెదలో, వరదో కారణము కానక్కరలేదు. వ్రాతప్రతి బీరువాలో క్షేమముగా నున్నను, అది ఏ పట్టణమున, ఏ బీరువాలో, ఏ కట్టలో, ఎన్నవ పుటలో నున్నదో చెప్పగలవారు లేనిచో ఆ చరిత్ర ఉన్నను లేనట్లే. మన రాయలసీమ గ్రామముల పూర్వవృత్తాంతములు పెక్కింటికి ఇట్టి గతియే పట్టినది. గ్రంథాలయమునకు వచ్చి "మా ఊరి కైఫీయతు దొరకునా?" అని అడుగు పెద్దలు మన ప్రాంతమున ప్రతి తరమునను కలరు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుట ఏల కష్టమైనదో, ఆ కష్టమును తొలగించుటకు మనవంటి గ్రామ గ్రంథాలయము ఏమి చేయగలదో ఈ రజతోత్సవ సంచికలో విచారింప దలచితిని.

కైఫీయతు అనునది అరబ్బీ పదము. స్థితిగతులు, వివరము అని దాని అర్థము. ఊరు ఎప్పుడు కట్టిరి, ఏ రాజు కాలమున ఎవరికి అగ్రహారమిచ్చిరి, చెరువు త్రవ్వించినవారెవరు, గుడికి మాన్యమెంత, ఊరి పొలిమేరలేవి, పాళెగాండ్రు ఎవరెవరు ఏలిరి అను సంగతులను వరుసగా వ్రాసిన పత్రమునకు ఆ పేరు వచ్చినది. వీనికి ముఖ్యాధారము కరణముల యిండ్లలో తరతరములుగా భద్రపరచిన కవిలెలు. వానినే కొన్ని తావుల దండకవిలె లనిరి. కరణము తన తాత వ్రాసిన కవిలెను విప్పి చదువగా, దానికి శాసనములను, వృద్ధుల వాక్కులను జోడించి కైఫీయతును సిద్ధపరచిరి.

ఈ సేకరణమునకు మూలపురుషుడు కర్నలు కాలిన్ మెకంజీ. ఆయన 1754లో స్కాట్లండు దేశమున లూయిస్ దీవిలోని స్టోర్నోవే పట్టణమున జన్మించి, 1783లో మద్రాసు చేరి, ఈస్టిండియా కంపెనీ సైన్యమున ఇంజనీరుగా పనిచేసెను. భూములను కొలుచుట ఆయన వృత్తి. ఆ భూములపై నివసించువారి పూర్వకథలను తెలిసికొనుట ఆయన వ్యసనము. మన నల్లమల నడుమనున్న శ్రీశైల దేవాలయమును దర్శించి ఆయన వ్రాసిన వ్యాసము కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీవారి సంపుటములలో 18వ శతాబ్ది ముగియకముందే అచ్చుపడినది.

అయితే మెకంజీకి దేశభాషలయందు ప్రవేశము లేదు. ఆయనకు కన్నులును చెవులును అయినవారు ఏలూరునకు చెందిన కావలి సోదరులు. పెద్దవాడైన కావలి వేంకట బొర్రయ్య ప్రాచీన శాసనముల లిపులను చదువుటలో మిక్కిలి నేర్పరి. ఆయన 1803లో చిన్నవయసుననే గతించగా తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను. మరియొక తమ్ముడు రామస్వామి 1829లో దక్షిణదేశ కవుల చరిత్రలను ఆంగ్లమున ప్రకటించెను. వీరి పర్యవేక్షణమున నారాయణరావు, ఆనందరావు మొదలగు సహాయకులు ఊరూర తిరిగి, కరణములను ఒప్పించి, శాసనములకు నకళ్లు తీసి, తమ పనిని గూర్చి నివేదికలు వ్రాసి పంపుచుండిరి. 1800లో నిజాము కంపెనీకి దత్తము చేసిన మండలములు, అనగా కడప, బళ్లారి, అనంతపురము ప్రాంతములును, నేటి నంద్యాల, కర్నూలు జిల్లాలలోని కొన్ని తాలూకాలును, ఈ సేకరణమునకు గొప్ప క్షేత్రమైనవి.

మెకంజీ 1815లో భారతదేశమునకు తొలి సర్వేయరు జనరలుగా నియమింపబడి, 1817లో తన భాండారమునంతటిని వెంటగొని కలకత్తా చేరెను. అన్నింటికి సంపూర్ణమైన పట్టికను తానే సిద్ధపరుపవలెనని ఆయన కోరిక. అది తీరకమున్నే 1821 మే 8వ తేదీన మరణించెను. ఆయన భార్యవద్ద కంపెనీ ప్రభుత్వము ఆ భాండారమును కొనెను. దానికి పట్టిక వ్రాయు పనిని సంస్కృత పండితుడైన హెచ్. హెచ్. విల్సను చేపట్టి 1828లో కలకత్తాలో రెండు సంపుటములుగా ప్రకటించెను. ఆ లెక్కలను చూచిన ఆశ్చర్యము కలుగును. గ్రంథముల వ్రాతప్రతులు 1,568, స్థానిక చరిత్రలు 2,070, శాసనముల నకళ్లు 8,076, అనువాదములు 2,159, చిత్రములు 2,630, నాణెములు 6,218. ఒక్క మనుష్యుని పూనికతో ఇంత సమాచారము ఒకచోట చేరుట మన దేశమున అంతకుముందు అరుదు.

విల్సను పట్టిక మొదట భాషనుబట్టి, పిమ్మట ప్రాంతమునుబట్టి ఏర్పడినది. తెలుగు కైఫీయతులు కావలెనన్న తెలుగు భాగమును తెరచి, అందు దత్తమండలములను చూచి, కట్ట సంఖ్యనుబట్టి లోపలి పత్రముల పేర్లను చదువవలెను. ఇది పండితునకు అనువైన మార్గమే. భాండారము ఒకేచోట నున్నంతకాలము ఆ పట్టికలోని సంఖ్య బీరువాలోని కట్టను సూటిగా చూపెడిది.

కాని పట్టిక అచ్చగునప్పటికే భాండారము చీలుచుండెను. 1823, 1825 సంవత్సరములలో కొన్ని భాగములు లండనునకు ఓడలపై పోయినవి. 1828లో దక్షిణదేశ భాషలలోని పత్రములు మద్రాసునకు పంపబడినవి. ఆంగ్లానువాదములు, చిత్రములు చాలవరకు లండనున చేరినవి. కొన్ని శిల్పములు కలకత్తాలోనే నిలిచినవి. ఇట్లు ఒక ఊరి కైఫీయతు తెలుగు మూలము మద్రాసున, దాని ఆంగ్లానువాదము లండనున, ఆ ఊరి శిల్పము కలకత్తాలో ఉండు స్థితి ఏర్పడినది. విల్సను పట్టిక మాత్రము అవిభక్త కుటుంబముయొక్క ఆస్తిపట్టికవలె మిగిలినది. వస్తువుల పేర్లన్నియు అందు కలవు. పాలుపంపకమైన పిదప ఏది ఎవరి యింటికి పోయెనో అందు లేదు.

ఆ సంగతి నోటిమీద చెప్పగలవాడు ఒక్కడు అప్పటికి జీవించియుండెను. అతడే కావలి లక్ష్మయ్య. ఏ పత్రము ఏ ఊరిలో, ఏ కరణమువద్ద, ఏ సంవత్సరమున సంపాదింపబడెనో ఆయన ఎరుగును. 1830 తరువాతి దశకమున మెకంజీ పనిని కొనసాగించుటకు తనకు అవకాశమిమ్మని ఆయన ప్రభుత్వమును కోరెను. ప్రభుత్వము కలకత్తా ఆసియాటిక్ సొసైటీవారి అభిప్రాయము నడిగెను. అట్టి పనికి లక్ష్మయ్య యోగ్యత చాలదని వారు తలచిరి. పని విలియం టెయిలర్ అను పాదిరీకి దక్కినది. టెయిలర్ శ్రద్ధగలవాడే. 1838లో ఆయన మద్రాసులోని పత్రములను పరీక్షించి, తేమకును పురుగునకును పాడగుచున్నవానిని గుర్తించి, కొన్నింటికి ప్రతులు వ్రాయించెను. అయినను, సేకరించినవాని స్మృతిలోని సూచికను కాగితముపైకి దింపుకొను అవకాశము లక్ష్మయ్యతోనే పోయెను. మన గ్రామ చరిత్రలకు కలిగిన నష్టములలో ఇది పెద్దదని నా తలంపు. చెదలు తిన్న పుటకు వేరొక నకలు ఎక్కడనో దొరకవచ్చును; మనుష్యుని జ్ఞాపకమునకు నకలు లేదు.

ఈ సందర్భమున కడప నివాసియై తెలుగునకు సేవచేసిన చార్లెసు ఫిలిప్పు బ్రౌనును స్మరింపవలెను. ఆయన 1820లో కడపకు వచ్చి, అచట బంగళా కొని, పండితులను నియమించి తెలుగు గ్రంథములకు శుద్ధప్రతులు వ్రాయించెను. శిథిలమగుచున్న మెకంజీ కైఫీయతులను సంపుటములుగా ఎత్తివ్రాయించిన పుణ్యమును ఆయనదే. సెలవుపై లండనునకు పోయినపుడు కంపెనీవారి భవనమున పడియున్న దక్షిణదేశ భాషల వ్రాతప్రతులను కనుగొని, అవి మద్రాసు చేరునట్లు చేసెను. తన సొంత సేకరణమును కూడ 1845లో మద్రాసు సాహిత్య సంఘమున కిచ్చివేసెను.

ఇట్లు మెకంజీ ప్రతులు, లండనునుండి మరలివచ్చిన ప్రతులు, బ్రౌను ప్రతులు అను మూడు వర్గములు మద్రాసున ఒకచోట చేరినవి. టెయిలర్ మరల పూని 1857, 1860, 1862 సంవత్సరములలో మూడు సంపుటముల వివరణపట్టికను అచ్చువేయించెను. 1869లో ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయము ఏర్పడిన పిదప అచటివారు క్రొత్త సంఖ్యలను వేసిరి. విల్సను సంఖ్య ఒకటి, టెయిలర్ సంఖ్య ఒకటి, గ్రంథాలయ సంఖ్య ఒకటి. పెండ్లి తరువాత ఇంటిపేరు మారిన ఆడపడుచును పుట్టింటి పేరుతో వెదకినట్లు, పాత పట్టికలోని సంఖ్యతో క్రొత్త బీరువాను వెదకు పరిశోధకుడు తికమకపడక తప్పదు. పాత సంఖ్యకును క్రొత్త సంఖ్యకును పొత్తు చూపు మరియొక పట్టిక ఉన్ననే దారి దొరకును.

ఇక మన ఆత్మకూరు సంగతి చూతము. సూచికలో "ఆత్మకూరు" అని ఒక్క మాట యున్నచో అది మనదని ఎట్లు తెలియును? నెల్లూరు సీమలో ఒక ఆత్మకూరు కలదు. అనంతపురము జిల్లాలో ఒకటి కలదు. కృష్ణకు ఆవలి గట్టున వనపర్తి జిల్లాలో ఒకటి కలదు. వరంగల్లు వైపున ఒకటి, సూర్యాపేట వైపున ఒకటి కలవు. పేరొక్కటే, ఊళ్లు అనేకములు. సీమ పేరు, తాలూకా పేరు చేర్చిననే గాని ఊరు తేలదు.

పోనీ, జిల్లా పేరు చేర్చితిమనుకొందము. జిల్లా మాత్రము నిలుకడగా నున్నదా? మెకంజీ మనుష్యులు తిరుగునాటికి కర్నూలు నవాబు ఏలుబడిలో నుండెను. 1839లో కంపెనీవారు నవాబు గులాం రసూల్ ఖానును తొలగించి ఆ సీమను వశపరచుకొనిరి. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినపుడు కోయిలకుంట్ల, కంభము, మార్కాపురము తాలూకాలను కడపనుండి తెచ్చి ఇందు కలిపిరి. 1970లో మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు ప్రకాశము జిల్లాకు పోయినవి. 2022 ఏప్రిలు 4వ తేదీన మన ఆత్మకూరు క్రొత్తదైన నంద్యాల జిల్లాలో చేరినది. కావున కోయిలకుంట్ల సీమ గ్రామపు పాత పత్రమును కడప క్రింద వెదకవలెను. దానినే 1886లో నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారు ప్రకటించిన కర్నూలు జిల్లా మాన్యువలులో కర్నూలు క్రింద చూడవలెను. నేటి కచ్చేరి కాగితములలో నంద్యాల క్రింద చూడవలెను. ఊరు అంగుళమైనను కదలలేదు. దానిని చుట్టిన గీతలు కదలినవి. జిల్లానుబట్టి విభజించిన భాండారమునకు ఇది తీరని చిక్కు. గీత మారినప్పుడెల్ల సూచికను సవరింపవలెను. లేనిచో సూచికయే త్రోవ తప్పించును.

రైతులకు ఈ సూత్రము క్రొత్తది కాదు. సర్ థామస్ మన్రో 1802 మొదలు దత్తమండలములలో పొలములను కొలిపించి ప్రతి పొలమునకు సంఖ్య వేయించెను. సర్వే నంబరు 45 అన్నంతమాత్రమున పొలము తెలియదు. ప్రతి గ్రామములోను 45 ఉండును. మొదట గ్రామము, తరువాత సంఖ్య, తరువాత ఉపవిభాగము. మొదటి మెట్టు ఏ భాగమును తెరువవలెనో చెప్పును. రెండవ మెట్టు ఆ భాగములో ఏ తావున చూడవలెనో చెప్పును. విభజించి నిలువచేసిన ఏ భాండారమునకైనను సూచిక ఇట్లు రెండు మెట్లుగా నుండవలెను.

నేడు ప్రపంచమున కంప్యూటర్లలో పేరుకొనుచున్న సమాచారమునకు సైతము ఇదే పద్ధతి. బ్యాంకు లెక్కలు, రైలు టిక్కెట్లు మొదలగువాని వివరములు ఒక యంత్రమున పట్టనివైనపుడు, నిపుణులు వానిని భాగములు చేసి అనేక యంత్రములలో నుంచుదురు. వానికి సూచిక కట్టుట రెండు విధములు. మొదటి విధమున ప్రతి భాగమునకు దాని సూచిక దానివద్దనే యుండును. క్రొత్త విషయము చేర్చుట సులభము. ఆ భాగపు సూచిక నొక్కదానిని సవరించిన చాలును. కాని భాగముల విభజనకు ఆధారమైన గుర్తు తెలియక వేరొక గుర్తుతో వెదకువాడు అన్ని భాగములను అడుగవలెను. అందరికంటె ఆలస్యముగా బదులు చెప్పు యంత్రము వచ్చువరకు వేచియుండవలెను. రెండవ విధమున అన్ని భాగములకు కలిపి ఒక సూచిక యుండును. వెదకువానికి ఒక్క చూపుతో దారి దొరకును. కాని ఏ భాగమున ఏది చేరినను, ఏది మారినను, ఆ సమష్టి సూచికను వెంటనే సవరింపవలెను. ఆ శ్రమకు జంకినచో సూచిక అబద్ధమాడును. మొదటిదానిలో శ్రమ చదువువానిది. రెండవదానిలో శ్రమ భద్రపరచువానిది.

మెకంజీ కైఫీయతులకు జరిగినది మొదటి విధము. మద్రాసు విశ్వవిద్యాలయమువారు టి. వి. మహాలింగంగారి సంపాదకత్వమున 1972లో తమిళ, మలయాళ పత్రముల సంగ్రహములను, 1976లో తెలుగు, కన్నడ, మరాఠీ పత్రముల సంగ్రహములను ప్రకటించిరి. కొన్ని తెలుగు ప్రతులు హైదరాబాదు చేరినవి. కడపలో జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి కృషివలన బ్రౌను నివసించిన తావున వెలసిన గ్రంథాలయము, తరువాత భాషాపరిశోధన కేంద్రమై, కట్టా నరసింహులుగారి సంపాదకత్వమున కడప జిల్లా కైఫీయతులను సంపుటములుగా వెలువరించినది. ఇవన్నియు పూజనీయమైన కార్యములు. అయితే ఏ భాగపు పట్టిక ఆ భాగమునకే. ఒక ఊరివాడు తన ఊరి పేరుతో అన్నింటిని చూడదలచినచో ఈ పుస్తకములన్నింటిని ఒకటి తరువాత ఒకటి తిరుగవేయవలెను. కూలికి పోవు మనుష్యునకు, పరీక్షకు చదువు విద్యార్థికి అంత తీరిక ఎక్కడిది?

పాఠకుని కాలమును కాపాడుము అని గ్రంథాలయ శాస్త్రజ్ఞుడు రంగనాథన్‌గారు 1931లో నియమము చేసిరి. కర్నూలు బిడ్డయైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమునకు తమ జీవితమును ధారపోసినది పుస్తకములు పోగుచేయుటకు మాత్రమే కాదు. అవి సామాన్యుని చేతికి అందవలెనని. ఆ నియమమును, ఆ ఆశయమును మన గ్రామ చరిత్ర విషయమున పాటించుట మనకు శక్యమైన పనియే.

మద్రాసునుండి, లండనునుండి పత్రములు మనకు రానక్కరలేదు. మనకు కావలసినది చీటీల పెట్టె యొక్కటి. మన చుట్టుపట్ల ప్రతి గ్రామమునకు, ప్రతి చెరువునకు, ప్రతి గుడికి ఒక్కొక్క చీటీ వ్రాయుదము. పైన ఊరి పేరు. దాని క్రింద పాత పేర్లు, ఆంగ్లేయులు వ్రాసిన వింత వర్ణక్రమములు. తరువాత పాత తాలూకా, పాత జిల్లా, నేటి మండలము, నేటి జిల్లా. చివర, ఆ ఊరిని గూర్చి ఏ గ్రంథమున, ఏ సంపుటమున, ఎన్నవ పుటలో ఏమున్నదో, ఆ గ్రంథము ఎక్కడ దొరకునో. కందనవోలు అని చూచినవానిని కర్నూలు చీటీకి పంపు చిన్న చీటీ వేరుగా నుండవలెను. మరియొక ఆత్మకూరు పత్రము కనబడినచో, అది మనది కాదని వ్రాసిన చీటీయు నుండవలెను. తరువాతివానికి ఆ శ్రమ తప్పును. క్రొత్త పుస్తకము వచ్చిన నాడే చీటీలు చేరవలెను. గ్రంథపాలకుడు మారినను ఈ ఆచారము మారరాదు.

ఈ పనికి తొందర యేమని అడుగువారుందురు. 1984లో ప్రభుత్వము కరణముల పదవులను రద్దుచేసినది. నాటి కవిలెలలో కొన్ని కచ్చేరులకు పోయినవి. కొన్ని అటకలపై మిగిలినవి. ఏది ఎక్కడనున్నదో ఎరిగిన పెద్దలు ఏటేట తరిగిపోవుచున్నారు. వారిలో ప్రతివాడును మనకు ఒక లక్ష్మయ్య. 1981లో శ్రీశైలము జలాశయమువలన కృష్ణాతీరమున మన సీమ గ్రామములు అనేకములు నీట మునిగినవి. సంగమేశ్వరాలయము నీరు తగ్గినపుడు మాత్రమే నేటికిని తల చూపుచున్నది. ఆ ఊళ్లవారి మనుమలు "మా ఊరెక్కడ?" అని అడిగినచో చూపుటకు నేల లేదు, కాగితమున్నది. ఆ కాగితము పేరు మన పెట్టెలో లేనిచో ఆ ఊరు రెండవసారి మునిగినట్లే.

చీటీలు వ్రాయుటకు పాండిత్యము అక్కరలేదు. చక్కని దస్తూరి, ఓపిక, సత్యము నెడ భక్తి చాలును. మన చందాదారులలో నెలకు పది చీటీలు వ్రాయగలవారు ఇరువదిమంది ముందుకు వచ్చినచో ఏడాదికి 2,400 చీటీలు చేరును. మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి "మా ఊరి కైఫీయతు దొరకునా?" అని అడిగినవానికి "ఇదిగో, ఈ చీటీ చూడుడు" అని చెప్పు భాగ్యము మన గ్రంథపాలకునకు కలుగుగాక.